మాటకు మార్కులు

వ్యాపార రియాలిటీ షోలు చూసే ఇళ్లలో తీర్పు చాలా తొందరగా వస్తుంది. తెర మీద తలుపులు తెరుచుకుంటాయి. పోటీదారు నడిచివచ్చి గీత దగ్గర నిలబడి నమస్కారం పెడతారు. నాలుగు మాటలు అయ్యాయో లేదో ఇంట్లో ఒకరంటారు, 'ఈమెకు కమ్యూనికేషన్ స్కిల్స్ లెవ్వు'. తర్వాతి పోటీదారు రాగానే ఇంకొకరంటారు, 'పిల్లగాడు దంచుతున్నడు'. సరుకు మీద కప్పిన గుడ్డ ఇంకా తీయలేదు. ధర చెప్పలేదు. నిరుడు ఎంత అమ్మారో ఎవరూ అడగలేదు. మాటకు మాత్రం మార్కులు పడిపోయాయి. న్యాయనిర్ణేతల కుర్చీల్లో ఉన్నవాళ్లు చేసేదీ చాలాసార్లు అదే. కాకపోతే కాస్త మర్యాదగా, కాస్త ఆలస్యంగా చేస్తారు.

ఈ ఆట జపాన్‌లో పుట్టింది. 2001లో అక్కడి నిప్పన్ టీవీ డబ్బున్న 'పులుల' ముందు సామాన్యుల్ని నిలబెట్టింది. 2005లో బీబీసీ ఆ పులుల్ని డ్రాగన్లు చేసింది. 2009లో అమెరికా ఏబీసీ చానల్ సొరచేపల్ని చేసింది. 2021 డిసెంబరులో సోనీ ఆ సొరచేపల్నే హిందీలో మన ఇళ్లకు తెచ్చింది. తెలుగులో ఆహా సంస్థ 2023 జూలైలో వీ హబ్‌తో కలిసి 'నేను సూపర్ వుమన్' అని మహిళా వ్యాపారులకే ఒక వేదిక వేసింది. తెలంగాణ ప్రభుత్వం 2018లో మహిళా పారిశ్రామికవేత్తల కోసం పెట్టిన సంస్థ వీ హబ్. మనదాకా వచ్చేసరికి పెట్టుబడి పెట్టేవాళ్లు 'ఏంజెల్స్' అయ్యారు. మృగాల నుంచి దేవతలదాకా ఎదిగారన్నమాట. ఎవరి పేరు ఎంత మారినా నిలబడేవాళ్లు నిలబడే ఉన్నారు, కూర్చున్నవాళ్లు కూర్చునే ఉన్నారు.

తొర్రూరు నుంచి ఒకామె ఇలాంటి వేదిక ఎక్కిందనుకుందాం. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీది పట్టణం తొర్రూరు. చుట్టుపక్కల వరి, పత్తి, మిర్చి. ఆమె ఊరి మహిళా సంఘంలో సభ్యురాలు. సంఘాలు నడిపే ఐకేపీ సెంటర్‌లో వడ్ల కొనుగోలు చూసుకున్న అనుభవం ఉంది. సంఘం ద్వారా వచ్చిన బ్యాంకు అప్పుతో చిన్న గిర్నీ పెట్టుకుని చపాట మిర్చి పొడి, పచ్చళ్లు అమ్ముతోంది. వేదిక మీద మొదటి ప్రశ్న, 'మీ యూఎస్‌పీ ఏమిటి?' ఆమె ఒక క్షణం ఆగుతుంది. ప్రశ్న అర్థమయ్యాక నిజం చెబుతుంది: 'మా కారం... కారం తక్కువ ఉంటది సార్.' కుర్చీల్లో నవ్వు. ఎడిటింగ్ బల్ల దగ్గర ఆ నవ్వుకు ఇంకొంచెం సంగీతం కలుస్తుంది.

ఆమె చెప్పింది అక్షరాలా తన సరుకు గొప్పతనమే. చపాటను మనవైపు టమాటా మిర్చి అని కూడా అంటారు. పొట్టిగా, లావుగా, ఎర్రగా ఉంటుంది. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. పచ్చడి కళ్లకు ఎర్రగా కనపడాలి, నోటికి మంట పుట్టించకూడదు అనుకునేవాళ్లు వెతుక్కునే కాయ అది. రంగు తీసే కంపెనీలూ దానికోసమే చూస్తాయి. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది కూడా. అదే ప్రశ్నను తొర్రూరు సంతలో ఎవరైనా 'అక్కా, గుంటూరు కారం ఉండంగ నీ కారం ఎందుకు కొనాలె?' అని అడిగితే ఆమె పావుగంట ఆగకుండా చెబుతుంది. ఏ ఊరి కాయ, తొడిమె తీయడానికి కూలి ఎంత, ఎండలో ఎన్నాళ్లు పెడితే రంగు చెడుతుంది, ఏ నూనెలో పచ్చడి నిలుస్తుంది, అన్నీ చెబుతుంది. వేదిక మీద మూగబోయిన మనిషికి, సంతలో ఆగకుండా చెప్పే మనిషికి మధ్య మారింది ప్రశ్న ఒక్కటే. మార్కు మాత్రం ఆమె ఖాతాలో తగ్గింది.

ఆమెకు మాట్లాడటం రాదనుకునేవాళ్లు ఒకసారి కొనుగోళ్ల కాలంలో ఐకేపీ సెంటర్‌కు వెళ్లి నిలబడాలి. వడ్లలో తేమ పదిహేడు శాతానికి మించకూడదని నిబంధన. మిషన్ పెట్టి చూస్తే ఒక రాశికి పద్దెనిమిదో, ఇరవయ్యో వస్తుంది. ఆ రైతు నాలుగు రోజులుగా కుప్ప దగ్గరే పడుకుంటున్నాడు, మబ్బు పట్టి ఉంది, టార్పాలిన్ కిరాయి పెరుగుతోంది. ఇంకో రెండు రోజులు ఆరబెట్టమని అతనికి చెప్పాలి. చెప్పిన తర్వాత కూడా అతను శత్రువు కాకూడదు, ఎందుకంటే అదే ఊరు, అదే బోరింగు. ఇటు గన్నీ సంచులు రాలేదు. అటు లారీ మిల్లు దగ్గర దిగక ఆగిపోయింది. మిల్లులో తాలు ఉందంటారు, బస్తాకు ఇంత తరుగు తీస్తామంటారు. ఫోన్‌లో మిల్లు గుమస్తాతో, పక్కన హమాలీ మేస్త్రీతో, ఎదురుగా రైతుతో ఒకేసారి మూడు రకాల మాట మాట్లాడాలి. ఒకరికి చెప్పింది ఇంకొకరి దగ్గర అబద్ధం కాకూడదు. సాయంత్రానికి ట్యాబ్‌లో ఎక్కించిన లెక్క, పుస్తకంలో రాసిన లెక్క కలవాలి. బిజినెస్ స్కూళ్లు ఇలాంటి పనికి 'స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్' అని పేరు పెట్టి లక్షల ఫీజు తీసుకుంటాయి.

ఇదంతా విని, 'అయితే మాటెందుకు, సరుకే మాట్లాడుతుంది కదా' అనే పెద్దమనుషులు బయల్దేరతారు. ఆ మాటతోనూ మాకు పేచీ ఉంది. సరుకు మాత్రమే మాట్లాడే చోటు మనకు తెలుసు. దాని పేరు వరంగల్ ఎనుమాముల మార్కెట్. మిర్చి బస్తా మూతి విప్పి పెట్టి రైతు పక్కన నిలబడతాడు. ఖరీదుదారు చేయి పెట్టి పిడికెడు కాయలు తీస్తాడు, విరుస్తాడు, వాసన చూస్తాడు, గింజ చూస్తాడు. ఆ రోజు జెండా పాట వేలంలో పలికిన ధర మైకులో వినిపిస్తుంది, మర్నాడు పేపర్లోనూ వస్తుంది. రైతు చేతికొచ్చే తక్‌పట్టీ మీద చాలాసార్లు ఇంకో అంకె ఉంటుంది. 'జెండా పాట గంత పలికె, నాకు గింతేనా?' అని అడగడానికి నోరుండాలి, నోటితోపాటు లెక్క ఉండాలి, లెక్కతోపాటు పక్కన ఇంకో ఇద్దరు రైతులు ఉండాలి. అడగలేనివాడు కాంటా దగ్గర మౌనంగా నిలబడతాడు. దడువాయి చెప్పిన తూకం రాసుకుంటాడు, బస్సెక్కుతాడు. కనక మాట అక్కర్లేదనడం మాట వచ్చినవాళ్లు చేసే దానం లాంటిది, తీసుకునేవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. మాట కావాలి. ఏ మాట కావాలి, దాన్ని ఎవరు ఎలా తూస్తారు అన్నదే తగువు.

టీవీ షోలో పలికే అంకెకూ జెండా పాటకూ చుట్టరికం ఉందని ఇక్కడే గుర్తొస్తుంది. తెర మీద చేతులు కలిపి చెప్పుకున్న ఒప్పందం ఆఖరు ఒప్పందం కాదు. తర్వాత ఖాతాలు తీస్తారు, పన్ను కాగితాలు చూస్తారు, లైసెన్సులు అడుగుతారు. ఒప్పందాల్లో కొన్ని నిలుస్తాయి, కొన్ని జారిపోతాయి. చప్పట్లు మాత్రం ముందే అయిపోయి ఉంటాయి.

మాట నైపుణ్యం లెక్కను ఎంతగా దాటిపోగలదో చెప్పడానికి బ్రిటన్‌లో ఒక ముచ్చట ఉంది. 2007లో లీవై రూట్స్ అనే జమైకా మూలాలున్న గాయకుడు 'డ్రాగన్స్ డెన్'కు గిటారుతో వచ్చాడు. తను చేసే కారపు సాస్ మీద తనే కట్టిన పాట పాడాడు. డ్రాగన్లు ముచ్చటపడ్డారు. ఆర్డర్ గురించి అడిగితే ఇరవై ఐదు లక్షల లీటర్లన్నాడు. కాగితం తీసి చూస్తే ఉన్నది రెండున్నర వేల కిలోలు. అంత తేడా మన వీధి కిరాణా కొట్టులో వస్తే ఖాతా మూసేస్తారు. ఆయనకు మాత్రం నలభై శాతం వాటాకు యాభై వేల పౌండ్లు వచ్చాయి, సాస్ దేశమంతా అమ్ముడైంది. రూట్స్ మంచి వ్యాపారే అయ్యాడు, అందులో అనుమానం లేదు. కానీ అదే పొరపాటు పాట రాని, నవ్వురాని, తల వంచుకుని నిలబడ్డ ఒక మనిషి చేసి ఉంటే డ్రాగన్లు ఆ కాగితాన్ని నవ్వుతూ తిరిగి ఇచ్చేవాళ్లా?

మన దగ్గర ఇంకో రకం కథ. 'షార్క్ ట్యాంక్ ఇండియా' మొదటి సీజన్‌లో మహారాష్ట్ర మాలేగావ్ ప్రాంతం నుంచి వచ్చిన రైతు బిడ్డ కమలేశ్‌ను చాలామంది మర్చిపోలేదు. వీపు మీద మందు డబ్బా మోసుకుని తిరిగే బాధ తప్పించడానికి సైకిల్ చక్రంతో నడిచే స్ప్రేయర్ చేశాడు. మరాఠీ యాస హిందీలో, ఏ అలంకారమూ లేకుండా, పొలంలో ఏం జరుగుతుందో చెప్పాడు. సొరచేపలు కదిలిపోయాయి, దేశమంతా ఆయన మాట తీరును మెచ్చుకుంది. ఆయన అడిగింది పది శాతం వాటాకు ముప్పై లక్షలు. చివరికి లెన్స్‌కార్ట్ పీయూష్ బన్సల్ నలభై శాతం వాటాకు పది లక్షలు, వడ్డీ లేని అప్పుగా ఇరవై లక్షలు ఇస్తానన్నారు. మిగతావాళ్లెవరూ డబ్బు పెట్టడానికి ముందుకు రాలేదు కాబట్టి బన్సల్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. అయినా లెక్క వేసుకుంటే ఒక సంగతి అర్థమవుతుంది. సహజమైన మాటకు మనం మనసు ఇస్తాం, కన్నీళ్లు ఇస్తాం. వాటా లెక్క దగ్గర ఆ మాట బలం పనిచేయదు. పది శాతం అడిగినవాడు నలభై ఇచ్చి సంతోషంగా ఇంటికెళ్లాడు, చూసినవాళ్లూ సంతోషపడ్డారు. తన సరుకు విలువ ఎందుకు అంత ఉంటుందో వాదించే మాట వేరే మాట. అది పొలంలో రాదు. దాన్ని ఎవరో కూర్చోబెట్టి నేర్పాలి.

ఇంకో సంగతి చూసేవాళ్లు తరచూ మరిచిపోతారు. అమెరికా షార్క్ ట్యాంక్‌లో పోటీదారు సుమారు గంటసేపు నిలబడి జవాబులిస్తే తెర మీదికి వచ్చేది పది నిమిషాలు. ఏ ప్రశ్న ఉంచాలో, ఏ తడబాటు ఉంచాలో, ఏ జవాబు తీసేయాలో నిర్ణయించేది పోటీదారు కాదు. మూడో నిమిషంలో నీళ్లు నమిలిన మనిషి నలభయ్యో నిమిషంలో అద్భుతంగా లెక్క చెప్పి ఉండొచ్చు. మనం ఇంట్లో కూర్చుని వేసిన మార్కులు నిజానికి ఎడిటర్‌కు పడతాయి.

ప్రశ్నల సంగతి కేవలం మా అనుమానం కాదు. డానా కాన్జ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2010 నుంచి 2016 దాకా న్యూయార్క్‌లో జరిగిన టెక్‌క్రంచ్ డిస్రప్ట్ పోటీల వీడియోలన్నీ ముందేసుకుని ప్రశ్నల్ని విడదీశారు. మగవాళ్లకు వేసిన ప్రశ్నల్లో మూడింట రెండొంతులు గెలుపు గురించినవి: ఎంత పెరుగుతారు, కొత్త కస్టమర్లను ఎలా తెస్తారు అని. ఆడవాళ్లకు వేసినవాటిలో మూడింట రెండొంతులు నష్టం గురించినవి: ఉన్న కస్టమర్లు పోకుండా ఎలా చూసుకుంటారు, ఎప్పటికి ఖర్చులు తిరిగొస్తాయి అని. అడిగినదానికే కదా జవాబు చెబుతాం. భయం గురించి అడిగితే జాగ్రత్త మాటలు వస్తాయి, ఆశ గురించి అడిగితే ఉత్సాహం వస్తుంది. జాగ్రత్తగా మాట్లాడినవాళ్లకు వచ్చిన పెట్టుబడి ఎన్నో రెట్లు తక్కువ. అడిగినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు, వాళ్ల ప్రశ్నలూ అదే దారిలో నడిచాయి. భయం గురించి అడిగినా జవాబును పెరుగుదల వైపు తిప్పుకున్నవాళ్లు మాత్రం మెరుగ్గా డబ్బు తెచ్చుకోగలిగారు. ఆ తిప్పుకోవడం ఒక విద్య, ఆ విద్య సంఘం మీటింగుల్లో ఎవరూ చెప్పరు. అంతకుముందు 2014లో హార్వర్డ్‌కు చెందిన అలిసన్ వుడ్ బ్రూక్స్ బృందం ఇంకో ప్రయోగం చేసింది. ఒకే ప్రసంగం, అవే మాటలు, ఒకసారి మగ గొంతుతో, ఒకసారి ఆడ గొంతుతో. మగ గొంతుతో విన్న ప్రసంగానికే మూడింట రెండొంతుల మంది డబ్బు పెడతామన్నారు. ఒక్క అక్షరం మారని ప్రసంగంలో కమ్యూనికేషన్ స్కిల్ ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది?

చెవితో మాత్రమే తీర్పు చెప్పే న్యాయనిర్ణేత ఒకరు ఆ కుర్చీలోకి వచ్చారు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా 2025లో షార్క్ ట్యాంక్ ఇండియా నాలుగో సీజన్‌లో కూర్చున్నారు. పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్స్ తీసుకుంటానంటే కుదరదన్నారు, కోర్టుకెళ్లి తీసుకున్నారు. అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. 2024లో ఆయన మీద హిందీలో సినిమా వచ్చింది. ఆయన ముందు నిలబడ్డ పోటీదారుకు కోటు ఇస్త్రీ, చేతుల ఊపు, చిరునవ్వు పెద్దగా పనికిరావు. సంగీత పోటీల విజేతల్ని సంగీతం వినిపించకుండా మూగ వీడియో చూపిస్తేనే ఎక్కువమంది సరిగ్గా గుర్తుపట్టారని 2013లో చియా జంగ్ త్సే అనే పరిశోధకురాలు తేల్చింది. సంగీత పోటీలోనే చెవి మీద కంటిది పైచేయి అయితే, వ్యాపార పోటీలో చెప్పేదేముంది? శ్రీకాంత్ లాంటివాళ్లు ఒక్క ప్రత్యేక సందర్భానికి అతిథిగా కాకుండా ప్రతి సీజన్‌లోనూ ఉంటే బాగుండు. దయతో అంటున్న మాట కాదిది, తూకం సరిచేయడానికి.

ఈ పోటీల పద్ధతికి తలకిందులైన పద్ధతి ఒకటి మనకు దగ్గర్లోనే నడిచింది. జనగామలో హైదరాబాద్ వైపు రైలెక్కితే పెంబర్తి దాటగానే ఆలేరు. ఆ మండలంలోని శారాజీపేట చింతకింది మల్లేశం ఊరు. ఆరో తరగతితో చదువు ఆగింది. ఒక చీరకు నేతకు ముందు దారంతో ఆసు పోయాలంటే తల్లి లక్ష్మి చేయి సుమారు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడేది. భుజం నొప్పితో ఆమె పడే బాధ చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెడితే, అది పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. ఆ ఏడేళ్లూ ఊళ్లో ఆయన మాటకు ఎవరెన్ని మార్కులేసి ఉంటారో ఊహించుకోవచ్చు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. ఇలాంటివాళ్లను వెతకడానికి బ్రిగేడియర్ పోగుల గణేశం పల్లె సృజన అనే సంస్థ పెట్టారు. అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యుడు అనిల్ గుప్తా నడిపిన హనీ బీ నెట్‌వర్క్ దారిలోనే శోధయాత్ర అంటూ ఊళ్ల వెంట నడిచారు. అక్కడ కూర్చుని వినేవాళ్లు, నిలబడి చెప్పేవాళ్లు అనే విభజన లేదు. వినాలనుకున్నవాళ్లే నడిచి వెళ్తారు. కనిపెట్టిన మనిషి తన కొట్టంలో, తన పనిముట్టు పక్కన, తన భాషలో చెబుతాడు. చెప్పలేకపోతే ఆడించి చూపిస్తాడు. ఆసు యంత్రం తిరగడం చూసినవాళ్లెవరూ మల్లేశంను యూఎస్‌పీ అడిగి ఉండరు.

అందరికీ కొట్టందాకా వెళ్లే తీరిక ఉండదు, నిజమే. పెట్టుబడిదారు సొంత డబ్బు పెడుతున్నాడు, రేపు ఈ మనిషి డీలర్లతో, బ్యాంకుతో, ఆహార భద్రత అధికారితో మాట్లాడగలదా అని చూసుకోవడం అతని హక్కు. అందుకే కొన్నింటి దగ్గర మేమూ కఠినంగానే ఉంటాం. కిలోకు ఖర్చు ఎంత పడుతుందో చెప్పలేని మనిషికి మార్కు తగ్గాల్సిందే. అప్పును అమ్మకాల్లో కలిపి చెబితే తగ్గాల్సిందే. అడిగినదానికి జవాబు దాటేసి కన్నీళ్ల కథ ఎత్తుకుంటే మరీ తగ్గాలి. తెలియదు అనవలసిన చోట తెలియదు అన్నవాళ్లకు మాత్రం పెరగాలి. వీటిలో దేనికీ ఇంగ్లిషు అక్కర్లేదు, చేతుల ఊపు అక్కర్లేదు. ఒక్క నిమిషంలో చెప్పేయడమూ అక్కర్లేదు. ఈమధ్య శిక్షణల్లో మహిళా సంఘాలకు కూడా 'ఎలివేటర్ పిచ్' నేర్పిస్తున్నారు. లిఫ్టులో పెట్టుబడిదారు ఎదురైతే దిగేలోపు చెప్పాల్సిన ప్రసంగం అది. మన పట్టణాల్లో ఎన్ని లిఫ్టులున్నాయో, వాటిలో ఎందరు పెట్టుబడిదారులు తిరుగుతుంటారో శిక్షకులే చెప్పాలి.

ఎవరికి అర్థమయ్యేలా మాట్లాడాలి అన్న తగువు ఈ నేలకు కొత్త కాదు. తొర్రూరుకు దగ్గర్లోనే పాలకుర్తి ఉంది. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట అక్కడి సోమనాథుడు పండితుల వృత్తాలను పక్కనపెట్టి ద్విపదలో, జానుతెనుగులో రాశాడు. పండితుల కొలబద్ద మీద తక్కువ మార్కులు వస్తాయని తెలియకనా? వినేది ఎవరో ముందు తేల్చుకున్నాడు, దాన్నిబట్టి మాట ఎంచుకున్నాడు. మన పోటీదారులకు ఆ స్వేచ్ఛ లేదు, నిజమే. వినేవాళ్లను వాళ్లు ఎంచుకోలేరు. అలాంటప్పుడు వినేవాళ్లే కాస్త కిందికి దిగాలి.

దిగడం కష్టమైన పనేమీ కాదు. టీవీ వాళ్ల సంగతి వాళ్ల లెక్కలు చూసుకుంటాయి, రేటింగులున్నంతకాలం వాళ్లకు మన సలహా అక్కర్లేదు. కానీ టీవీ చూసి అదే నమూనాలో జిల్లాల్లో పోటీలు పెడుతున్నారు. ఇంజనీరింగ్ కాలేజీల్లో, మహిళా సమాఖ్యల మేళాల్లో, రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019లో మొదలుపెట్టిన 'ఇంటింటా ఇన్నోవేటర్'లో. ఆ చివరిదాంట్లో మెచ్చుకోవలసింది ఉంది. వాట్సాప్‌లో చిన్న వీడియో, నాలుగు మాటలు తెలుగులో పంపితే చాలు, ఎంపికైనవాళ్లు ఆగస్టు 15న జిల్లా కేంద్రంలో తమ పరికరాన్ని ప్రదర్శిస్తారు. పరికరం పక్కనే మనిషి, ప్రశ్న అడిగేవాళ్లు నడుచుకుంటూ స్టాల్ దగ్గరికే వస్తారు. ఇలాంటి చోటే మార్కుల కాగితాన్ని మార్చి చూడొచ్చు. 'కమ్యూనికేషన్' అని ఒకే గడి ఉంటే దాన్ని కొట్టేయాలి. ఖర్చు చెప్పగలిగారా, ఎవరు కొంటారో చెప్పగలిగారా, అడిగినదానికే జవాబిచ్చారా అని విడగొట్టాలి. పోటీదారు చెప్పింది న్యాయనిర్ణేత తన మాటల్లో తిరిగి చెప్పాలి. పోటీదారు 'అవును, అదే' అన్నాకే మార్కు వేయాలి. అందరికీ ఒకే ప్రశ్నలు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ తేడా లేకుండా, తెలుగులో, వారం ముందే చేతికివ్వాలి. గిర్నీ నడిపే ఆమె ఆ వారంలో పక్కింటి డిగ్రీ పిల్లను కూర్చోబెట్టుకుని, 'బిడ్డా, గీ ప్రశ్నకు ఏం చెప్పాలె?' అని అడిగి నాలుగుసార్లు చెప్పి చూసుకుంటుంది.

ప్రశ్నలు ముందే ఇస్తే బట్టీపట్టి వస్తారని అధికారులు అభ్యంతరం చెబుతారేమో. తన వ్యాపారం లెక్కల్ని ఒక మనిషి బట్టీపట్టడం కంటే మంచి సంగతి ఇంకేముంది? జిల్లా అంతటికీ కలిపి దీనికయ్యేది జిరాక్స్ ఖర్చు.